కొనేముందు చోటు మార్చి చూడండి వదినగారూ

ఏంటి వదినగారూ, మేడమీద అబ్బాయికి మళ్ళీ నెట్ ఆగిపోయిందా? మీటింగులో ఉండగా మాట తెగిపోతుంటే పాపం వాడికెంత చికాకు! నాలుగు యాంటెన్నాల రూటర్ ఆర్డరు పెడుతున్నాడట, మా అమ్మాయి చెప్పింది. ఒక్కరోజు ఆగమనండి. ఉన్న డబ్బా ఎక్కడుందో ముందు చూద్దాం. వీధి గుమ్మం పక్కన, టీవీ షోకేసులో, సెట్‌టాప్ బాక్సు వెనకాల, పైగా అద్దం తలుపు వేసి. అంతే కదా? కనెక్షన్ ఇచ్చే కుర్రాళ్ళు తీగ ఎక్కడ లోపలికొస్తే అక్కడే బిగించి వెళ్ళిపోతారు. ఇంట్లో ఏ మూల ఎవరు కూర్చుంటారో వాళ్ళకేం తెలుసు?

మన ఇళ్ళ శ్లాబు చూశారుగా, నిండా ఇనుప చువ్వలే. వై-ఫైకి ఇనుమూ, నీళ్ళూ రెండూ పడవు. దారిలో బీరువా ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా, నిలువుటద్దం ఉన్నా సిగ్నల్ సగం అక్కడే చస్తుంది. అందుకని డబ్బాని షోకేసులోంచి తీసి, హాలుకీ మెట్లకీ మధ్య గోడ మీద, మనిషి తల కంటే కాస్త ఎత్తులో పెట్టించండి. మెట్ల దగ్గర శ్లాబు తెరిచి ఉంటుంది కనుక సిగ్నల్ పైకి ఎక్కడానికి అదొక్కటే మంచి దారి. ఒక్క పైసా ఖర్చు లేని పని, ముందు అది చేయండి.

అయినా బాగుపడకపోతే, తప్పు బయటి లైనుదో మన ఇంట్లోదో తేల్చుకోవాలి. లాప్‌టాప్‌ని రూటర్‌కి వైరుతో తగిలించి స్పీడు చూడమనండి. వైరు మీద మీరు డబ్బు కట్టిన స్పీడు వస్తోందంటే కంపెనీకి ఫోను చేసి లాభం లేదు, సంగతి మన గోడల్లోనే ఉంది. వైరు మీద కూడా రాకపోతే అప్పుడు ఫిర్యాదు పెట్టండి. డబ్బా మీద ‘లాస్’ అన్నచోట ఎర్ర లైటు వెలిగితే ఫైబర్‌లోంచి వెలుతురు అందట్లేదని. గుమ్మం సందులో ఆ సన్నటి తీగ మడత పడిందేమో చూడండి. లోపల ఉండేది గాజు, గట్టిగా మడిస్తే ఓర్చుకోదు.

ఇంకోటి. మీ ఫోన్లో ఒకే పేరు రెండుసార్లు కనబడుతుంది చూశారా, ఒకదాని చివర 5జీ అని? అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్. వేగం ఎక్కువ, కానీ గోడలు దాటలేదు. రెండోది 2.4. గోడలు కొంత దాటుతుంది గానీ దాంట్లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్ళు మూడే, 1, 6, 11. మీదీ మాదీ, వెనక వీధి వాళ్ళదీ అన్నీ ఆ మూడింట్లోనే తోసుకుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఆ దరిదాపుల్లోనే, అందుకే దాని పక్కన రూటర్ వద్దు. అబ్బాయి ఆఫీసు పనికి 5 ఉంచి, సీసీ కెమెరా, స్మార్ట్ ప్లగ్గుల్లాంటివి 2.4కి వదిలేయండి. వాటిల్లో చాలా వాటికి 5 అందుకోవడమే రాదు.

మేడగదికి మాత్రం నా మాట వినండి, ఒక వైరు లాగించేయండి. ప్లగ్గులో పెట్టే రిపీటర్ చవకే, కానీ ఒకే బ్యాండు మీద అందుకుని మళ్ళీ దాని మీదే పంపాలి కనుక వేగం సుమారుగా సగానికి పడిపోతుంది. పైగా దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు, ఇక అది దేన్ని అందుకుని పంపుతుంది? క్యాట్ 6 వైరు 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ నిక్షేపంగా మోస్తుంది. మన ఇంటికి ఎంత లెక్కేసినా అంత పట్టదు. షాపులో అడిగేటప్పుడు అచ్చమైన రాగి వైరే అడగండి. అల్యూమినియం మీద రాగిపూత వేసింది చవగ్గా అంటగడతారు. కత్తితో కొన గీకి చూస్తే లోపల తెల్లగా మెరుస్తుంది, అది వద్దు. కరెంటు తీగలున్న పైపులోంచి లాగనివ్వకండి, విడిగా కేసింగ్ పట్టీ వేయించండి. పైన ఆ వైరుకి మీ దగ్గర ఇంకో పాత రూటర్ ఉంటే దాన్నే యాక్సెస్ పాయింట్‌గా మార్చి తగిలిస్తే చాలు. కింద పెట్టిన పేరూ పాస్‌వర్డూ పైన కూడా అవే పెట్టండి, ఫోను మెట్లెక్కగానే దానికదే మారిపోతుంది.

కొత్తది కొనాల్సే వస్తే అట్టపెట్టె మీది పెద్ద అంకె చూసి మోసపోకండి. ఏసీ 1200 అంటే 2.4 మీద 300, 5 మీద 867, రెండూ కలిపి పైకి సవరించిన లెక్క. ఒక ఫోను సాధారణంగా ఒకసారికి ఒక బ్యాండు మీదే ఉంటుంది, ఆ మొత్తం దానికెప్పుడూ అందదు. నేనైతే ముందు పోర్టులు చూస్తాను. 10/100 అని ఉంటే, మీరు 300 ప్లాను కట్టినా దాంట్లోంచి 100 కూడా నిండుగా రాదు. 10/100/1000 ఉండాలి. వై-ఫై 6 ఉన్నది తీసుకోండి, ఇంట్లో ఇన్ని ఫోన్లూ టీవీలూ ఒకేసారి పట్టుకున్నప్పుడు దాని మేలు తెలుస్తుంది. యాంటెన్నాలు ఎన్నున్నాయని లెక్కపెట్టాల్సిన పనిలేదు.

కరెంటు పోయినప్పుడు మీ అన్నయ్యగారు చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టారు, చక్కగా పనిచేస్తోంది. ఫైబర్ డబ్బా, రూటర్ విడివిడిగా ఉంటే రెండిటికీ పెట్టాలి, ఒకదానికి పెట్టి ఊరుకుంటే నెట్ రాదు. అడుగున స్టిక్కరు మీద ఎన్ని ఆంపియర్లో చూసి కొనండి.

పాస్‌వర్డు ఫోను నంబరు పెట్టారు కదూ? మార్చేయండి వదినగారూ, అది వీధి వీధంతటికీ తెలుసు. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్ళడానికి కూడా ఒక పాస్‌వర్డు ఉంటుంది, అది ఇంకా ‘అడ్మిన్’ అనే ఉందేమో చూడమనండి. డబ్ల్యూపీఎస్ ఆపేయమనండి, దాని పిన్ను ఊహించి లోపలికి దూరొచ్చని 2011లోనే బయటపడింది. చుట్టాలొస్తే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి, అబ్బాయి ఆఫీసు లాప్‌టాప్ జోలికి ఎవరూ రారు.

శనివారం మా ఇంటికి ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. మీ మెట్ల దగ్గర కొలతలు కూడా తీసుకోమని చెప్తాను, పొద్దున పది గంటలకల్లా ఆ షోకేసు ముందు ఉన్నవన్నీ కాస్త జరిపించి ఉంచండి.