చేతిపనివారితో గృహిణుల పొత్తు

పెండ్లికో వ్రతమునకో వచ్చిన ముత్తైదువ చేతిలో నొక ప్లాస్టికు డబ్బా పెట్టి పంపు నాచారము మన కరీంనగరులో నిప్పుడు మిక్కుటముగా నున్నది. ఆ డబ్బా యెక్కడ పుట్టినదో, యెవరు చేసిరో యిచ్చినవారికి దెలియదు, పుచ్చుకొన్నవారికిని దెలియదు. మా యింటి యటుకమీద నట్టివి ముప్పదికి తక్కువ లేవు. వానిలో దేనిని చూచినను ఫలానా పిల్ల పెండ్లిలో నిచ్చినదని జ్ఞప్తికి రాదు. మా యత్తగారికి పెండ్లినాడు పుట్టినింటివారు పెట్టిన వెండితీగ కుంకుమభరిణె మాత్ర మొకటి యున్నది. దాని మూత తీసినప్పుడెల్ల నామె తన మేనమామల పేర్లు వరుసగా చెప్పును.

సోదరీమణులారా! నేను బడిపంతులుగారి భార్యను. మా నాయనగారు నన్ను ఇంటనే కూర్చుండబెట్టి యమరమును, భాగవతమును, వసుచరిత్రమును చెప్పిరి. వ్యాపారశాస్త్రము నాకు రాదు. అయినను మూడేండ్లుగా మా వీథిలోని కొందరు గృహిణులము కూడి, మన జిల్లాలయందలి చేతిపనివారివద్ద నేరుగా వస్తువులును, పిండివంటలును చేయించుకొనుచున్నాము. ఆ వివరము వ్రాయుమని స్నేహితురాండ్రు కోరిరి గనుక వ్రాయుచున్నాను.

ఈ పొత్తునకు మూలము మా వీథి మొగన చీరల దుకాణము నడపు నొక సోదరి. ఆమె దుకాణమున కొక మూల నిర్మలు బొమ్మలు, వెండితీగ భరిణెలు, పండుగదినములలో సకినాల పొట్లములు పెట్టును. పనివారినుండి సరకు తెచ్చుకొని, అమ్ముడుపోయిన పిదప డబ్బిచ్చుట లోకాచారము. ఈమె పద్ధతి వేరు. చెప్పిన నాడే సగము సొమ్ము చేతిలో పెట్టును. ప్రతి వస్తువునకును చేసినవారి పేరు వ్రాసిన చీటి కట్టును. దారిలో విరిగిన దాని నష్టము నిరువురును చెరిసగము భరింతురు. ఈ మూడు నియమములను చూచియే మేమును ఆమెతో చేరితిమి. మొదట నలుగురము, ఇప్పుడు పండ్రెండిండ్లవారము. కావలసినవి యన్నియు నొక్క పట్టికగా వ్రాసి, పనివారికి ముందుగా సగము సొమ్మిత్తుము. పట్టిక వ్రాయువంతు నాది, ఎందుకనగా తక్కినవారు నా దస్తూరి బాగున్నదని తప్పించుకొనిరి.

వెండితీగపనినిగూర్చి మొదట చెప్పెదను. ఎలగందుల కోట చాయలలో పుట్టి కరీంనగరున స్థిరపడిన విద్య యిది. 2007వ సంవత్సరమున దీనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. వెండిని కరగించి కడ్డీగా పోసి, చిన్న చిన్న రంధ్రములుగల యినుపపలకలోనుండి లాగి లాగి వెండ్రుకవంటి తీగ చేయుదురు. రెండు తీగలను పెనవేసి కొంచెము చదును చేసి, ముందే కట్టిన చట్రములో నాకులుగా, సుడులుగా, నెమలిపురులుగా నింపుదురు. పిమ్మట వెలిగారమును, టంకపుపొడిని చల్లి నిప్పు చూపి యతుకుదురు. పన్నీరుబుడ్లు, అత్తరుదానులు, తాంబూలపు పళ్ళెములు ఈ విధముగనే యగుచున్నవి. అరువదినాలుగు కళలలో రూప్యరత్నపరీక్ష యొకటి యని చదివితిని గాని, వంగిన మెడతో దినమంతయు తీగ చుట్టువాని కండ్ల కెంత శ్రమయో ఆ పట్టికలో లేదు.

ఈ పనిలో చిక్కు వెండి ధర. పనివాడు చేయి తిప్పినందుకు వచ్చునది కొద్ది, వెండి వెల మిక్కిలి. 2025వ సంవత్సరమున వెండి ధర కిలో లక్షరూపాయలు దాటి పైపైకి పోయినది. మేము ఆరు భరిణెలు చెప్పిన నాటికిని, అతడు పని ముగించిన నాటికిని ఒక ధర లేదు. పాతపద్ధతి ప్రకారమైనచో ఆ తేడా యంతయు పనివాడే మోయవలెను, లేదా మేము మాట తప్పవలెను. మా చీరల దుకాణపు సోదరి ముందే యొక యుపాయము చేసినది. ముందుసొమ్మిచ్చిన నాడే ఆ సొమ్ముతో భరిణెలకు కావలసిన వెండి యంతయు తూచి కొనిపించినది. మిగిలినది కేవలము మజూరీ. ఆ పిమ్మట ధర పెరిగినను తగ్గినను ఇరువురికిని చింత లేదు. వెండి తూకమును, మజూరీని వేరువేరుగా చీటిమీద వ్రాయించుకొనుడని నేను చదువరులను ముఖ్యముగా కోరుచున్నాను. రెండును కలిపి చెప్పినప్పుడే మనకు వస్తువు ప్రియమని తోచును, పనివానికి చేతికేమియు మిగులదు.

నిర్మలు బొమ్మల సంగతి వేరు. అక్కడ కావలసినది ధనముకన్న నోర్పు. 2016లో జిల్లాలు విడదీయువరకు నిర్మలు ఆదిలాబాదు జిల్లాలోనిదే. నకాషీవా రక్కడ తరతరములుగా పొణికి కర్రతో బొమ్మలు చెక్కుచున్నారు. 1955లో వారికి సహకారసంఘము కూడ నేర్పడినది. పొణికి మిగుల తేలిక, మెత్తన. అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి యతికి, తెల్లసుద్ద పూసి నునుపుచేసి, తరువాతనే రంగు వేయుదురు. మామిడిపండును, సీతాఫలమును చేసిపెట్టినచో చిలుక వచ్చి పొడుచునేమో యనిపించును. మా వారి బడిలో బహుమతులకు స్టీలు గ్లాసులకు మారుగా నీ బొమ్మల నీయవలెనని నలుబది చెప్పితిమి. శ్రావణమాసము. పనివాడు ఫోనులో స్పష్టముగా చెప్పెను: "అమ్మా, వానకాలంల సుద్ద ఆరది. ఆరకముందే రంగేస్తే మూడు నెలలకు పెచ్చులూడుతది. దసరా దాటినంక ఇస్త." మా వారు పెద్దపంతులుగారిని ఒప్పించి బహుమతులను దీపావళికి జరిపించిరి. ఒక చిన్నవాడు తనకు వచ్చిన కుందేలును నెల దినములు సంచిలో పెట్టుకొని బడికి వచ్చెనట.

పొణికి చెట్లు అడవిలో నానాటికి తగ్గిపోవుచున్నవి. కర్రకొరకు పనివారు దూరము పోవలసివచ్చుచున్నది. కావున ఆ బొమ్మ వెల ప్లాస్టికు బొమ్మ వెలతో సమానము కావలెనని కోరుట యన్యాయము. జైనూరు మండలమున ఉషేగాములో ఓజులు తేనెమైనముతో నచ్చు చేసి పోయు నిత్తడి పనికి 2018లో గుర్తింపు వచ్చినది. ఒక వస్తువు పోయగానే యచ్చు పగులగొట్టవలెను గనుక నొకదానివంటి దింకొకటి యుండదు. దీపపు కుందులు రెండు మాత్రమే తెప్పించితిమి. ఆ పనిగూర్చి నాకింకను చాల దెలియదు.

ఇక సకినాలు. నా మనస్సంతయు నిందే యున్నది. ఉత్తరతెలంగాణమున సకినము లేని సంక్రాంతి లేదు. కూతును కాపురమునకు పంపునప్పుడు సకినాల గంప లేక పంపరు. కొత్తబియ్యము రాత్రి నానబోసి, వడగట్టి, తడిపిండి చేసి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పాతబట్టమీద మూడు చుట్లో నాలుగు చుట్లో వ్రేళ్లతో మెలిత్రిప్పుచు పెట్టి, కొంచెమారిన పిదప నూనెలో వేయింతురు. పిండి కొంచెము గట్టియైన విరుగును, పలుచనైన జారును. మాకు సకినాలు చేసియిచ్చునది అరువదియేండ్లు దాటిన వితంతువు. మేమందరము అవ్వ యందుము. కూతురును, పొరుగింటి యామెయు సాయము. మనుమరాలు ఇంటర్మీడియటు చదువుచున్నది. యంత్రముతో చేయరాదా యని నేనడుగగా నవ్వి, "బిడ్డా, మిషన్ల పోస్తె అది మురుకైతది గాని సకినమైతదా?" యని యన్నది.

అవ్వ చాలకాలము పట్టణములోని యొక మిఠాయి దుకాణమునకు సకినాలిచ్చుచుండెను. ఒకనాడు ఆమె చెప్పగా నేను పదికిలోల లెక్క వ్రాసితిని. బియ్యమునకు 350, నువ్వులకు 200, నూనెకు 450, వాము, ఉప్పు, వంటచెరకునకు 200, వెరసి 1200 రూపాయలు. దుకాణమువారు కిలోకు 220 చొప్పున నిచ్చునది 2200. మిగిలిన వేయిని ముగ్గురు పంచుకొన్నచో తలకు 333. తెల్లవారుజామున లేచి దీపాలు పెట్టు వేళదాక పొయ్యిముందు కూర్చున్నందుకు! ఆ సకినాలే దుకాణమున కిలో 400. అద్దె, కరెంటు, జీతగాండ్రు దుకాణదారునకు నుందురు, కాదనను. కాని యా సొమ్మైనను నలుబది దినములకు చేతికి వచ్చును, విరిగినవి తిరిగివచ్చును, పొట్లముమీద దుకాణము పేరేగాని అవ్వ పేరు లేదు. చేతిలో రొక్కము లేక ఆమె నువ్వులను, నూనెను అప్పుపై తెచ్చుట, అప్పు గనుక ధర యెక్కువ యిచ్చుట. మనుమరాలి ఫీజు గడువు వచ్చినప్పుడు చెవులకున్న కమ్మలు తాకట్టు పెట్టవలెనని యుండెను.

ఆ కార్తికమున పండ్రెండిండ్లవారము కలిసి ముందుగానే సగము సొమ్మిచ్చితిమి, కిలోకు 300 చొప్పున. రొక్కము పెట్టి కొనుటచే పదికిలోలకు ఖర్చు 1100కు దిగినది. 3000లో నది పోగా 1900, తలకు 633. మాకు దుకాణముకన్న నూరు రూపాయలు తక్కువ, వారికి కూలి యించుమించు రెట్టింపు. కమ్మలు చెవులనే యున్నవి. ఇంట వండి యమ్మువారును 2006వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టము ననుసరించి నమోదు కావలెను గనుక ఆ కాగితము మా వారు పూర్తిచేసి యిచ్చిరి. ఇప్పుడు పొట్లముమీద నవ్వ పేరును, నమోదు సంఖ్యయు నున్నవి. చదువురాని యామె తన పేరున్న చీటిని మనుమరాలిచేత రెండుమారులు చదివించుకొన్నది.

మిఠాయి దుకాణముతో ఆమె తెగతెంపులు చేసికొనలేదు, చేసికొనుమని మేమును చెప్పలేదు. పండ్రెండిండ్లు ఏడాది పొడుగున సకినాలు తినవు గదా! కాని యిప్పుడామె వారముదినములలో డబ్బు కావలెననియు, పొట్లముమీద తన పేరుండవలెననియు నడిగినది. డబ్బు సంగతి దుకాణమువా రొప్పుకొనిరి. పేరు సంగతి యొప్పుకొనలేదు.

కొందరు సోదరీమణులు "ఇంతమాత్రమునకు ముందుసొమ్మేల? ఎగవేసినచో?" నందురు. మూడేండ్లలో నొక్కరును ఎగవేయలేదు. ఒకమారు ఆలస్యమైనది, ఒకమారు ఉప్పెక్కువైనది. పెద్ద బట్టలకొట్టులో చీటిమీదనున్న ధర కిమ్మనక యిచ్చి, గడపకు వచ్చిన కుమ్మరియామెవద్ద దీపపు ప్రమిదకు రెండు రూపాయలు తగ్గించుమని యరగంట వాదించువారిని నేనెరుగుదును. మొల్ల కుమ్మరి యింటి బిడ్డయని చెప్పి యామె రామాయణమును మెచ్చుకొను నోటితోనే!

గడచిన యేడు మా పట్టికలో నింకొకటి చేరినది, ఇప్పపూల లడ్డు. ఉట్నూరు ప్రాంతమున నాదివాసి స్త్రీలు సహకారసంఘముగా నేర్పడి దీనిని చేయుచున్నారు. ఎండకాలపు తొలిదినములలో వేకువను రాలిన పూలనేరి యెండబెట్టి, వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లము చేర్చి దంచి లడ్డులు కట్టుదురు. ఇప్ప యనగానే మా యత్తగారికి సారాయి స్మరణకు వచ్చి డబ్బాను వంటింటి గడప దాటనీయలేదు. పంతులుగా రొకటి తిని, ద్రాక్షపండ్లవలె నున్నదనిరి. మూడవనాడు డబ్బాలో లడ్డులు లెక్కకు తక్కువగా కనబడినవి. పిల్లలను అడిగితిని, వారు కాదనిరి. అత్తగారిని నేనడుగలేదు. కాని యీమారు పట్టిక వ్రాయునప్పుడు ఆమెయే "మన యింటికి రెండు కిలోలు వ్రాయుము, పిల్లలు తినుచున్నారు" అనిరి.

మాతో చేరగోరువారికి రెండు మాటలు. నిర్మలు బొమ్మలు కావలసినచో వానలకు ముందే చెప్పుడు. వెండిపనికి నెల దినములు వ్యవధి యిండు. సకినాలు కార్తికములో చెప్పినవారికే సంక్రాంతికి దొరకును, అవ్వ చేతులు రెండే. ఈయేడు పదునెనిమిది యిండ్లవారు పేర్లిచ్చిరి. అంత పని ముగ్గురివలన కాదని అవ్వ మరి యిద్దరిని పిలుచుకొన్నది. వారికిని అదే కూలి కట్టి లెక్క వ్రాయుమని నాతో చెప్పినది. నువ్వుల బస్తా నిన్ననే వచ్చినది.