అరకులో ఆగిపోకండి

విశాఖలో కారు తీసి అరకు బయల్దేరేవాళ్లలో చాలామంది వెళ్లిన దారినే వెనక్కి వచ్చేస్తారు. పొద్దున్నే టిఫిను, మధ్యాహ్నానికి బొర్రా గుహలు, బొంగులో చికెన్, గిరిజన మ్యూజియం, రాత్రికి మళ్లీ ఇల్లు. కానీ ఆ రోడ్డు అరకుతో అయిపోదు. పాడేరు, చింతపల్లి మీదుగా లంబసింగి దాకా కొండల మీదే సాగి, నర్సీపట్నం దగ్గర మైదానంలోకి దిగుతుంది. చుట్టి వచ్చేసరికి 300 కిలోమీటర్లు దాటుతుంది. రెండు రోజులు చేతిలో ఉంటే తూర్పు కనుమల్లో ఇంతకు మించిన కారు ప్రయాణం లేదు.

పెందుర్తి, కొత్తవలస దాటేదాకా చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. లారీల వెనక ఓపిగ్గా నడపాలి, అంతే. అయితే కొత్తవలస పేరు గుర్తుంచుకోవాలి. కిరండూల్ రైలు మార్గం చీలేది ఇక్కడే. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, ఓడల్లో జపాన్‌కు పంపడానికి 1960ల్లో ఈ లైను వేశారు. విశాఖ ఉక్కు కొలిమికి ఖనిజం వచ్చేదీ ఈ పట్టాల మీదే. ఇక్కడి నుంచి అరకు దాకా రైలు, రోడ్డు ఒకే కొండల్ని చెరోవైపు నుంచి ఎక్కుతాయి. సొరంగాల్లోంచి వెళ్లే రైలు శిమిలిగుడ స్టేషన్ దగ్గర 997 మీటర్ల ఎత్తు అందుకుంటుంది. రోడ్డుకు సొరంగాలు లేవు కాబట్టి ప్రతి కొండ చుట్టూ తిరగాల్సిందే. చూసేవాళ్లకు లాభమూ అదే.

శృంగవరపుకోటలో ట్యాంకు నింపుకోవడం మంచిది. ఊరికి దగ్గర్లోనే తాటిపూడి జలాశయం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనికి కట్టిన ఆనకట్ట అది. విశాఖ కుళాయిల్లోకి వచ్చే నీళ్లలో కొంత వాటా దానిదే. అంటే నగరానికి ఇనుము ఈ కొండల మీదుగా, నీళ్లు ఈ కొండల నుంచి వస్తున్నాయన్నమాట.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. కాశీపట్నం, టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ... ఒక్కో మలుపుకు చెవులు కాస్త మూసుకుపోతూ, గాలి చల్లబడుతూ ఉంటుంది. ఇక్కడ నడపడానికి మొండితనం పనికిరాదు. మలుపు ముందు హారన్ కొట్టాలి. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి, కాలిన వాసన కొట్టి, సరిగ్గా కావలసిన చోట పట్టదు. 2021 ఫిబ్రవరి 12న డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. చీకటి పడకముందే ఘాట్ దాటెయ్యాలన్నది ఇక్కడ ఎవరికైనా చెప్పదగ్గ మొదటి మాట.

అనంతగిరి దగ్గర ఒక్కసారైనా ఆగి చెట్ల కిందికి చూడాలి. పైన నిటారుగా సిల్వర్ ఓక్, దాని కాండాన్ని పట్టుకుని పాకిన మిరియాల తీగ, కింద నీడలో నడుమెత్తు కాఫీ మొక్క. ఒకే చోట మూడు అంతస్తుల పంట! నవంబరు నుంచి కాఫీ పళ్లు ఎర్రబడతాయి. కొమ్మకు గుత్తులుగా అంటుకున్న పళ్లలో పండినవి మాత్రమే ఏరి, పచ్చివి వదిలేసి, మళ్లీ కొన్నాళ్లకు అదే మొక్క దగ్గరికి వస్తారు. ఆ ఓపికకే ధర. అరకు కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచింది, 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దాన్ని పండించేది పెద్ద ఎస్టేట్ల దొరలు కాదు, ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన రైతులు.

అరకులో రాత్రి ఉండి, తెల్లారాక పాడేరు దారి పట్టాలి. చలికాలపు మొదట్లో వెళ్తే దారి పక్కన వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉంటాయి. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి, రాతి పలక మీద జారే నీళ్లు. సంత రోజైతే హుకుంపేటలోనో పాడేరులోనో తప్పక దిగాలి. పసుపు, చింతపండు, మిరియాలు, అడ్డాకులు, చింతపల్లి రాజ్‌మా, అన్నీ కొండ దిగకముందే ఇక్కడ చేతులు మారతాయి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరే దాని కేంద్రం. మబ్బుల సముద్రం చూడాలనుకునేవాళ్లు దగ్గర్లోని వంజంగి కొండ తెల్లవారకముందే ఎక్కుతారు. ఎక్కినవాళ్లు తమ ప్లాస్టిక్ సీసాలు తామే దించుకుంటే ఆ కొండకు అంతకన్నా మేలు లేదు.

జి.మాడుగుల మీదుగా చింతపల్లి చేరాక దారి అందం తగ్గదు గానీ దాని బరువు పెరుగుతుంది. 1922 ఆగస్టు 22న బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడ్డ అల్లూరి సీతారామరాజు దళం తొలి దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆ తిరుగుబాటు ఊరికే రాలేదు. 1882 నాటి అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడి, అడవిని గిరిజనులకు కాకుండా చేసింది. ఆ మంటకు ఆజ్యం పోసింది రోడ్డు పని. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయడానికి మన్యం జనాన్ని తోలారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అండతో కూలీ ఎగ్గొట్టి, ఎదురుచెప్పినవాళ్లను కొట్టించారు. ఇవాళ జనం శీతాకాలంలో మంచు చూడటానికి వరస కట్టే లంబసింగికి దారి పడింది అలా. ఆ ఘాట్‌లో ఏ మలుపు దగ్గర కారు ఆపి ఫోటో దిగినా ఈ సంగతి తెలిసి దిగాలి.

లంబసింగిలో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది. మంటల చుట్టూ జనం, వేడి టీ, పొలాల్లో స్ట్రాబెర్రీలు. అక్కడి నుంచి ఘాట్ దిగితే నర్సీపట్నం, తర్వాత అనకాపల్లి హైవే. రాజమహేంద్రవరం నుంచి మన్యం మీదుగా విజయనగరం చేరే 516ఇ జాతీయ రహదారి ఈ కొండ ఊళ్లను కలుపుతూ వెడల్పవుతోంది. రేపు ప్రయాణం ఇంకా తేలికవుతుంది, బళ్లూ పెరుగుతాయి.

నర్సీపట్నంలో వెంటనే ఇంటివైపు తిరగకండి. కృష్ణదేవిపేట అక్కడికి దగ్గరే. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపిన సీతారామరాజు సమాధి ఆ ఊళ్లోనే ఉంది. పిల్లల్ని కూడా తీసుకెళ్లి, వాళ్లు దిగివచ్చిన ఆ లంబసింగి రోడ్డు కథ అక్కడ చెప్పండి.