పెద్దలకి పెట్టాకే మనం

అరకు వెళ్ళొచ్చామనగానే మా ఫిల్మ్ నగర్ స్నేహితులు అడిగిన మొదటి ప్రశ్న "బొంగు చికెన్ తిన్నారా?" అని. రెండోది "దానికోసం అంత దూరమెందుకు, జూబ్లీహిల్స్‌లోనే దొరుకుతోందిగా?" అని. దొరుకుతోంది, నిజమే. కానీ మేం వెళ్ళింది చికెన్ కోసం కాదండీ, మా అత్తయ్య గారి కోసం.

మావయ్య గారు పోయాక ఏడాదిపాటు మా ఇంట్లో పండగల్లేవు. సంవత్సరీకాలు అయ్యాయి, మైల తీరింది. ఆవిడ మాత్రం తేరుకోలేదు. ఏ పిండివంట చేసినా "మీరు తినండమ్మా" అని గిన్నె పక్కకి జరిపేసేవారు. అందరం తిన్నాక ఒక్కరే కూర్చుని ఇంత మజ్జిగన్నం తినేవారు. దైవసన్నిధానం గుడి మాకు నడిచి వెళ్ళేంత దూరం. అటు కూడా వెళ్ళడం మానేశారు.

ఎక్కడికైనా తీసుకెళ్దామంటే మా ఆయన తటపటాయించారు. "అమ్మని టూర్లు తిప్పుతున్నారని చుట్టాలు అనరూ?" అన్నారు. "అననీండి, ఆవిణ్ణి ఇలా చూడటం నావల్ల కావట్లేదు" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆయనే టికెట్లు తీశారు.

రాత్రి బండికి వైజాగ్ వెళ్ళి, పొద్దున్నే కిరండూల్ బండి ఎక్కాం. అరకు వెళ్ళేలోపు బోలెడు సొరంగాలు. మా అమ్మాయి, నాయనమ్మ కలిసి లెక్కపెట్టడం మొదలెట్టి, ఇరవై దాటాక తగువులో పడ్డారు. కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిన రోజులు. వలిసె చేలు ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి నీడన ఎర్రగా పండిన కాఫీ కాయలు. 2019లో జి.ఐ. గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఇదే.

మధ్యాహ్నం రోడ్డు పక్కన చిన్న పాకలో ఆగాం. వంటావిడ పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తోంది. నూనె చుక్క లేదు, నీళ్ళు లేవు. పచ్చి బొంగులోని చెమ్మే ముక్కని ఉడికిస్తుంది. అందుకే ఎండిపోయిన బొంగు పనికిరాదట. అత్తయ్య గారు మాంసం ముట్టరు కాబట్టి సామ అన్నం, రాజ్మా కూర, చోడి అంబలి చెప్పాం. మనం రాగులనేవాటినే అక్కడ చోళ్ళంటారు. అన్నీ అడ్డాకు విస్తళ్ళలోనే.

వెనకాల చేలో కంది కాయలు వేలాడుతుంటే మా అమ్మాయికి నోరూరింది. ఉడకబెట్టి ఇస్తారా అని అడిగింది. "ఇంకా కొత్త పెట్టుకోలేదమ్మా. పెద్దోళ్ళకి పెట్టకుండా మేం తినం" అందావిడ. ఏ పెద్దోళ్ళని అడిగితే, "పోయినోళ్ళు" అని పైకి చూపించింది.

అక్కడి గిరిజనుల ఇళ్ళల్లో అదొక కట్టుబాటు. కొర్రలైనా, సామలైనా, కందులైనా, పంట చేతికొచ్చాక ఊరంతా కలిసి కొత్తల పండగ చేసుకుంటారు. దేవతకీ, పోయిన పెద్దలకీ పెట్టాకే ఇంట్లోవాళ్ళు తింటారు.

అత్తయ్య గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా "మనకి మాత్రం? సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టాకేగా మనం కట్టుకునేది" అన్నారు. విస్తరి అంచున ఒక ముద్ద తీసి పెట్టి, మాతోపాటే భోంచేశారు. ఏడాది పైన అయింది, ఆవిడ మా అందరితో కలిసి కూర్చుని తిని. మా ఆయన తలెత్తకుండా అన్నం కలుపుతూనే ఉన్నారు.

మీరూ వెళ్ళాలనుకుంటే ఈ కాలాలు గుర్తుపెట్టుకోండి. వలిసె పూల కోసమైతే నవంబరు, డిసెంబరు. చలి చూడాలంటే డిసెంబరు, జనవరిల్లో చింతపల్లి దగ్గరి లంబసింగి. దానికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. రాత్రి బయట ఉంటే కొర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట! శివరాత్రికి బొర్రా గుహల్లోని శివలింగం దగ్గర జాతర, మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర. చైత్రంలో ఇటుకల పండగ. విత్తనాలకి పూజ చేసి, మగవాళ్ళు వేటకెళ్తారు. ఆడవాళ్ళు దారికి అడ్డం నిలబడి, పాటలు పాడుతూ వచ్చేపోయే బళ్ళని ఆపి డబ్బులడుగుతారు. విసుక్కోకండి, అది పండగలో భాగం. పది రూపాయల నోట్లు దగ్గరుంచుకోండి.

ఇంకో మాట. టూరిస్టుల కోసం ఆడే థింసా వేరు, ఊళ్ళో పండగ వేరు. ఊళ్ళోకి వెళ్తే ఫోన్ పైకెత్తే ముందు అడగండి. మన ఇంటి తద్దినం దగ్గరికి ఎవరో వచ్చి వీడియో తీస్తే మనకెలా ఉంటుంది?

మొన్న సంక్రాంతికి మావయ్య గారికి పంచె కొనాలని అత్తయ్య గారే గుర్తుచేశారు. నేను బూరెలు వేస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. మొదటి వాయిలోవి రెండు ఆయన ఫోటో ముందు పెట్టారు. రెండో వాయిలో ఒకటి తీసుకుని, "పూర్ణంలో యాలకులు తక్కువయ్యాయే అమ్మాయ్" అన్నారు.

నిజంగానే తక్కువయ్యాయి. ఆ మాట వినడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.