గాలిమీద నిలిచిన బండి

మీ ఊరి ఎద్దుబండికి స్ప్రింగులు లేవు. లారీకి ఇనుప కమాను పట్టీలు కలవు. అయితే ఉప్పల్ మీదుగా వరంగల్లు పోవు పెద్ద బస్సులలో కొన్ని గాలిమీద నిలిచి పరుగెత్తుచున్నవని మీలో ఎందరికి తెలియును?

ఇరుసునకును బండి చట్రమునకును నడుమ, దారపు పొరలు పొదిగిన రబ్బరు సంచి యుండును. మెకానిక్కులు దానిని బెలో అందురు. ఇంజనుతో తిరుగు కంప్రెసరు గాలిని తొట్లలో నింపగా, సన్నని గొట్టముల గుండా అది సంచులలోనికి పోవును. జనులెక్కగా బండి కుంగును. అప్పుడు ఇరుసునకు తగిలించిన చిన్న కడ్డీ పైకి లేచి, లెవలింగ్ వాల్వును తెరచి, గాలిని లోనికి పంపును. జనులు దిగగా అదే వాల్వు గాలిని బయటికి విడుచును. అమెరికాలో 1954లో గ్రేహౌండ్ వారి సీనిక్రూయిజర్ బస్సులకు ఈ ఏర్పాటుండెను. 1973 మొదలు 1978 వరకు అక్కడ జి.ఎం.సి. వారు చేసిన మోటారు ఇండ్లు, అనగా మంచము, పొయ్యి, నీళ్ళతొట్టి గల బండ్లు, వెనుక ప్రక్క గాలి సంచులమీదనే నిలిచినవి. వాటిని బాగుచేసికొని తిరుగువారు నేటికిని కలరు. మన దేశములో 2001లో వోల్వో బస్సులు వచ్చిన పిమ్మట ఈ సంగతి జనులకు తెలియవచ్చెను.

హెబ్రీ భాషలో గాలికిని ఆత్మకును ఒకటే మాట. దానిమీద ప్రసంగము చేయుటకు ఇది వ్రాయుటలేదు, భయపడకుడి.

మాకును గాలి సంచుల పాత బస్సొకటి కలదు. సీట్లు తీసివేసి ఆరు పడకలు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము పెట్టించితిమి. కంటి శుక్లములు ముదిరిన వృద్ధులను గ్రామములనుండి ఆసుపత్రికి తెచ్చి, మరల ఇండ్లకు చేర్చుటకు దానిని వాడుచున్నాము. ఒక ఉదయమున అది ఎడమ వెనుక ప్రక్కకు ఒరిగి యుండెను. ఇంజను వేయగా లేచెను. మరునాడు తెల్లవారుసరికి మరల కుంగెను. మూడు దినములలో పదునొకండుగురికి శస్త్రచికిత్స కుదిరియున్నది. చూచినవారందరు బెలో పోయినది, క్రొత్తది వేయుడనిరి. దాని వెల మాకు మోయరానిది. గనుక నాచారము పారిశ్రామికవాడలో ఒక షెడ్డునకు తీసికొనిపోతిని.

అక్కడి ఉస్తాదు వృద్ధుడు. “అయ్యగారూ, బెలోది తప్పని ముందే అనకుండ్రి. రాత్రికి బండి ఈడ్నే ఉండనియ్యుండ్రి” అనెను. నాలుగు చక్రములపైని సందును జానలతో, వ్రేళ్ళతో కొలిచి సుద్దముక్కతో గుర్తు పెట్టెను. ఉదయమున మూడు మూలలు మారలేదు; ఎడమ వెనుక మూల నాలుగు వ్రేళ్ళు తగ్గెను. అన్నియు కుంగినచో తొట్టినో పెద్ద గొట్టమునో అనుమానింపవలెను. ఒక్క మూలయే కుంగినచో దాని సంచి, దాని గొట్టము, దాని వాల్వు, ఈ మూటిలోనే దోషమున్నది.

షెడ్డులోని కుర్రవాడు సబ్బునీళ్ళ డబ్బాతో బండి క్రిందికి దూరబోయెను. ఉస్తాదు వాని చొక్కా పట్టి వెనుకకు లాగెను. “గాలిని నమ్మి కిందికి పోతవా?” అని గద్దించెను. సంచి పగిలినను, గొట్టము ఊడినను టన్నుల కొలది బరువు రెప్పపాటులో క్రిందికి వచ్చును. చట్రమునకును ఇరుసునకును నడుమ మనుష్యుని తలకు చోటు మిగులదు. జాకీనికూడ అతడు నమ్మలేదు. చక్రములకు అడ్డుదిమ్మలు వేసి, చట్రము క్రింద ఇనుప స్టాండ్లు నిలిపిన తరువాతనే వానిని పోనిచ్చెను. అందుకు ముప్పావుగంట పట్టెను. నాకు తొందరయే, అయినను ఆ ముప్పావుగంటను గూర్చి నేనొక్క మాటయు అనలేదు. చదువరులారా, పైకెత్తిన ట్రాక్టరు ట్రాలీ క్రింద దూరి పనిచేయు కుమారుడు మీ ఇంట నున్నయెడల ఈ పేరా వానికి బిగ్గరగా చదివి వినిపింపుడి.

తొట్లు నిండిన తరువాత ఇంజను ఆపి, కుంచెతో చిక్కని సబ్బునీరు పూసిరి. సంచి మడతలో, పై పళ్ళెము చుట్టును బుడగ లేదు. వాల్వు నోట కొన్ని బుడగలు వచ్చి ఆగెను. అది ఎత్తు సరిచేసికొనుటయే గాని లీకు కాదు. నైలాను గొట్టము చట్రపు దూలమును దాటుచోట క్లిప్పు ఊడి, ఇనుముకు రాసికొని అరిగియుండెను. అక్కడ తెల్లని నురుగు పొంగెను. అరిగిన ముక్కను నిలువుగా కోసి, ఇత్తడి జాయింటు వేసి, రబ్బరు తొడిగిన క్లిప్పు బిగించిరి. ఖర్చు బెలో వెలలో పదవవంతు కాలేదు.

తరువాత తొట్ల క్రింది రింగు లాగగా తుప్పునీరు కారెను. గాలిని నొక్కినప్పుడు అందలి తేమ నీరగును; డ్రయ్యరు పాతబడినచో ఆ నీరు వాల్వులను తినివేయును. బ్రేకులును ఈ కంప్రెసరు గాలితోనే పనిచేయును. గనుక కొంచెము లీకైతే ఏమి అనువారి మాట నేనొప్పను. ఎర్రదీపము వెలిగి బజరు మ్రోగుచున్నప్పుడు బండి కదలింపనే కూడదు.

మరునాడు ఆ మూల ఒక వ్రేలు తగ్గియుండెను. నేనడుగగా ఉస్తాదు, “పాత వాల్వు అయ్యగారూ, రాత్రంతకు ఒక్క ఏలు ఏం కాదు” అనెను. కుదిరిన దినమున పదునొకండుగురిని ఎక్కించుకొని వచ్చితిమి. ఆసుపత్రి వాకిట వారొక్కొక్కరుగా దిగుచుండగా వెనుక నుండి బుస్సుమని గాలి విడిచెను. ఒక అవ్వ నా చేయి గట్టిగా పట్టుకొని, “పంచరైందా అయ్యగారూ?” అనెను.

“లేదవ్వా, మీరు దిగితిరి గదా, బండికి బరువు తగ్గినది” అంటిని.