మునగాల శిస్తు, కేంబ్రిడ్జి చదువు

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బస్సులు సూర్యాపేటలో టీకి ఆగుతాయి, కోదాడలో జనాన్ని దించుతాయి. ఈ రెండింటి నడుమ మునగాల ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిపోయిందో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు కూడా తెలియదు. 65వ నంబరు జాతీయ రహదారి వెడల్పయ్యాక ఊరు మరీ పక్కకు జరిగినట్టయింది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి పొలాలు, ఎరువుల దుకాణాలు, మిర్యాలగూడ మిల్లుల వైపు పోయే ధాన్యం లారీలు. పైపైన చూస్తే ఈ ప్రాంతమంతా ఒకటే తీరు.

1948కి ముందు ఇక్కడి సంగతి అలా ఉండేది కాదు. సూర్యాపేట నిజాం ఇలాకా, కోదాడా నిజాం ఇలాకాయే. మధ్యలో మునగాల పరగణా మాత్రం ఇంగ్లీషు ప్రభుత్వానిది, మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణా జిల్లా కింద లెక్క. చుట్టూ నిజాం భూమి, నడుమ దీవిలా కొన్ని గ్రామాలు. అటువైపు హాలీ సిక్కా చెల్లుతుంది, ఇటువైపు కల్దారు రూపాయి. ఇప్పుడు గంట కూడా పట్టని సూర్యాపేట, కోదాడ ప్రయాణంలో అప్పుడు ఒక రాజ్యం విడిచి ఇంకొక రాజ్యంలోకి వెళ్లి, మళ్లీ మొదటి రాజ్యంలోకి రావాలి. నిజాంతో పేచీ ఉన్నవాళ్లు పొలిమేర దాటి ఇటు వచ్చి తలదాచుకునేవాళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక గాని పరగణా నల్లగొండ జిల్లాలో కలవలేదు. 2016 నుంచి సూర్యాపేట జిల్లా అయింది.

మునగాల రాజా అనే పేరే గాని ఆయన కోట నడిగూడెంలో ఉండేది. రాజా నాయని వెంకట రంగారావు ఈ పరగణాకు జమీందారు. పింగళి వెంకయ్య ఆయన ఆశ్రయంలో ఇక్కడ కొన్నేళ్లు పత్తి రకాల మీద ప్రయోగాలు చేశాడు. 'పత్తి వెంకయ్య' అన్న పేరు అప్పటిదే. జాతీయ జెండా నమూనా నడిగూడెం కోటలోనే తయారైందని ఈ ఊళ్లవాళ్లు గట్టిగా చెప్తారు. వాళ్లతో వాదన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నా దృష్టి ఆ కోటలో పనిచేసిన ఇంకొకాయన మీద ఉంది.

ఆయన కొమర్రాజు లక్ష్మణరావు. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టాడు. నాగపూరులో అక్క భండారు అచ్చమాంబ ఇంట ఉండి చదువుకున్నాడు, కలకత్తా విశ్వవిద్యాలయం ఎం.ఏ. ప్రైవేటుగా రాసి పాసయ్యాడు. మునగాలకు దివానుగా వచ్చాడు. దివాను అంటే శిస్తుల లెక్క, కోర్టు వ్యాజ్యం, తాసిల్దారుకు జవాబు. పొద్దంతా ఆ పని చేసి, మిగిలిన పొద్దులో ఆయన తెలుగులో లేని శాస్త్రాలన్నిటినీ తెలుగులోకి తేవాలని కూర్చున్నాడు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. ఉర్దూ ప్రభుత్వ భాషగా ఉన్న నగరంలో అది తెలుగువాళ్ల గ్రంథాలయం. దాని వెనుక మునగాల రాజా, ఆయన దివాను, వాళ్ల స్నేహితుడు రావిచెట్టు రంగారావు ఉన్నారు. 1906లో వాళ్లే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. రెండేళ్లకు అది మద్రాసుకు మారింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలుపెట్టి చరిత్ర, జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, పదార్థ విజ్ఞానం, వ్యవసాయం, చివరికి కలరా, మలేరియా కూడా వరసగా అచ్చువేసింది.

ఆ వరసలోనే కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రం ఉంది. ఇంగ్లండులో చదువు అన్న మాట మునగాల కథలోకి వచ్చేది ఇక్కడే.

రామలింగారెడ్డిది చిత్తూరు పక్కన కట్టమంచి. 1880లో పుట్టాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతుండగానే 'ముసలమ్మ మరణం' రాశాడు. 1902లో భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి వెళ్లి సెయింట్ జాన్స్ కాలేజీలో చేరాడు. ఆ కాలేజీ 1511 నాటిది, విశ్వవిద్యాలయం అంతకు మూడు వందల ఏళ్లు ముందుది. అప్పట్లో సూయజ్ మీదుగా ఓడ ప్రయాణం మూడు వారాల మాట. చిత్తూరు ఎండలో పెరిగిన ఇరవై ఒక్కేళ్ల యువకుడికి కామ్ నది మీది అక్టోబరు చలి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. చీకటి పడ్డాక నల్ల గౌను లేకుండా వీధిలో కనబడితే ప్రాక్టర్లు పట్టుకుని ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు జరిమానా వేసే రోజులు. పొడుగాటి భోజనశాలలో బల్లల చుట్టూ అందరూ కలిసి తినాలి. టర్ము ఎనిమిది వారాలే. కానీ ఆ ఎనిమిది వారాలూ ఊళ్లోనే నివాసం ఉండాలి, లేకపోతే డిగ్రీ లేదు.

చదువు పద్ధతి మన కాలేజీలదానికి పూర్తిగా వేరు. లెక్చర్లు ఉంటాయి గానీ అసలు చదువు వాటిలో లేదు. వారం వారం వ్యాసం రాసుకుని, గురువు గదిలో ఒంటరిగానో ఇంకొకరితోనో కూర్చుని, దాన్ని చదివి వినిపించి, ప్రతి వాక్యానికీ సమాధానం చెప్పుకోవాలి. బట్టీ కొట్టినవాడు అక్కడ పది నిమిషాల్లో దొరికిపోతాడు. సాయంత్రం అయితే యూనియన్ సొసైటీ. 1815 నుంచి నడుస్తున్న వాదోపవాదాల వేదిక అది. రెడ్డి దానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఆయనలాగే 1902లోనే కేంబ్రిడ్జిలో అడుగుపెట్టి, 1905లో అదే యూనియన్‌కు అధ్యక్షుడైన ఇంకొక కుర్రవాడి పేరు జాన్ మేనార్డ్ కేన్స్.

రెడ్డి చదివింది చరిత్ర. అయితే ఆయన వెళ్లిన కాలం కీలకమైనది. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ ఏళ్ల తరబడి పోరాడి 1903లో అర్థశాస్త్రానికి విడిగా ఒక పరీక్ష పెట్టించాడు. అప్పటిదాకా ఆ శాస్త్రం చరిత్రలోనూ నీతిశాస్త్రంలోనూ ఒక మూల ఒదిగి ఉండేది. మార్షల్ కూడా సెయింట్ జాన్స్ ఫెలోనే. ఒక శాస్త్రం తన కాళ్ల మీద తాను నిలబడే సమయంలో ఆ ఆవరణలో తిరిగిన విద్యార్థి, తిరిగి వచ్చాక దాన్నే మన దేశపు స్థితిగతులకు అన్వయించి తెలుగులో పుస్తకంగా రాశాడు. ఇంగ్లీషులో రాసి ఉంటే పేరు ఇంకా దూరం పోయేది. ఆయన ఉపన్యాసాల ఇంగ్లీషుకు తెల్లవాళ్లే చెవి ఒగ్గేవాళ్లు. అయినా తెలుగులో రాశాడు, దాన్ని విజ్ఞాన చంద్రిక వేసింది.

మండలికి డబ్బు చందాదార్ల నుంచి కొంత, పోషకుల విరాళాల నుంచి కొంత వచ్చేది. పోషకుల్లో మునగాల రాజా ముందు వరుసలో ఉన్నాడు. ఆ రాజా పెట్టెలోకి డబ్బు ఎక్కడిది? నడిగూడెం, రేపాల, కలకోవ, ఆకుపాముల రైతు కట్టిన శిస్తు నుంచి వచ్చింది. లక్ష్మణరావు దివాను జీతమూ అందులోదే. ఆ రైతుల్లో ఎక్కువమందికి చదవడం రాదు. ధనం ఎలా పుడుతుందో, ఎవరి చేతికి ఎలా చేరుతుందో చెప్పే కేంబ్రిడ్జి చదువు తెలుగులో అచ్చయింది. దాని ఖర్చులో ఒక పాలు భరించినవాళ్లకు ఆ పుస్తకం అందలేదు. 1930ల్లో ఇదే పరగణాలో నండూరి ప్రసాదరావు లాంటి వాళ్ల నాయకత్వాన రైతులు జమీందారు మీద తిరగబడ్డారు, వెట్టి చెయ్యబోమన్నారు. రాజాను సాహిత్య పోషకుడిగా మాత్రమే చూపించే వ్యాసాల్లో ఈ సంగతి ఉండదు. రైతు పోరాటం గురించి రాసేవాళ్లు గ్రంథాలయం ఊసెత్తరు. రెండూ ఒకే మనిషి లెక్కల పుస్తకంలోవే కాబట్టి రెండూ చెప్పాలనే నా పట్టు.

రెడ్డి కంటే కొన్నేళ్లు ముందే నిజాం వైపు నుంచీ ఒకమ్మాయి ఇంగ్లండు వెళ్లింది. హైదరాబాదులో పెరిగిన సరోజినీ చట్టోపాధ్యాయ, అంటే తర్వాతి సరోజినీ నాయుడు, 1895లో నిజాం ఇచ్చిన భత్యం మీద బయలుదేరి లండన్ కింగ్స్ కాలేజీలోనూ కేంబ్రిడ్జి గిర్టన్ కాలేజీలోనూ చదివి 1898లో తిరిగొచ్చింది. డిగ్రీ లేకుండానే వచ్చింది. ఉండి చదివినా వచ్చేది కాదు, ఆడవాళ్లకు కేంబ్రిడ్జి పూర్తి డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో. అదే సంవత్సరాల్లో నాగపూరులో లక్ష్మణరావు అక్క అచ్చమాంబ ఏ బడికీ పోకుండా, తమ్ముడు చదువుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల', మరుసటేడు 'ధనత్రయోదశి' కథ వెలువడ్డాయి. 1905లో ముప్పై ఏళ్లు దాటీ దాటకముందే పోయింది. తమ్ముడి పేరు చెప్పేవాళ్లు ఆమె పేరు కూడా చెప్పాలి. ఆ ఇంట్లో మొదటి రచయిత ఆమే.

రెడ్డి తర్వాతి జీవితం అందరికీ తెలిసిందే. బరోడా, మైసూరుల్లో ఉద్యోగాలు, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి పదవి. జాతీయోద్యమం మీద ప్రభుత్వ దమనానికి నిరసనగా రాజీనామా చేశాడు. ఆ కుర్చీలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చాడు. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డుకు ప్రొఫెసరుగా వెళ్తుంటే కుర్చీ మళ్లీ కేంబ్రిడ్జి మనిషికి దక్కింది. మన విశ్వవిద్యాలయాల పుట్టుకలో ఆ రెండు ఊళ్ల నీడ ఇంత ఉంది. రెడ్డి లాగే సి.ఆర్. అని పేరుపడ్డ కేంబ్రిడ్జి మనిషి ఇంకొకాయన కూడా ఉన్నాడు. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కేంబ్రిడ్జి వెళ్లి, సూడానులో తవ్వి తీసిన పురాతన ఎముకలను కొలిచి లెక్కలు కడుతూ, 1948లో ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పిహెచ్.డి. చేశాడు.

ఇప్పటి మునగాల, కోదాడ సంగతికి వద్దాం. ఇక్కడ ఇంటికొకరు కాకపోయినా వాడకొకరు ఇంగ్లండులో ఉన్నారు.

"ఏం బావా, పిలగాడు ఏడున్నడు?"

"లండన్ల."

"లండన్ల ఏడ?"

"ఏమో, అదేదో కోవెంట్రీ అంటడు."

ఏ ఊరైనా ఇక్కడికి అంతా లండనే. బీటెక్ కోదాడలోనో సూర్యాపేటలోనో, తర్వాత ఏడాది ఎమ్మెస్సీ అక్కడ. పద్నాలుగు పదిహేను వేల పౌన్ల ఫీజు, వీసాతో పాటు ఏడాదికి 776 పౌన్ల ఆరోగ్య రుసుము. ఖాతాలో డబ్బు 28 రోజులు కదలకుండా చూపించాలి. ఆ 28 రోజులకు వడ్డీకి డబ్బు సర్దేవాళ్లు వేరే ఉన్నారు. కాలువ కింద ఎకరం అమ్మినవాళ్లున్నారు, బ్యాంకు అప్పుకు ఇల్లు పెట్టినవాళ్లున్నారు. అక్కడికి పోయాక చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. 2024 జనవరి నుంచి ఇలాంటి కోర్సులవాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకుపోవడం కుదరదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్లు ఇస్తున్నారు. 2027 నుంచి దాన్నీ ఏడాదిన్నర చేస్తామన్నారు. ఇంత లెక్క వేసి పోయే పిల్లల్ని తప్పుపట్టలేను. వాళ్లు కొంటున్నది వీసా గడువు. చదువు దాంతో పాటు వస్తుంది, ఒక్కోసారి బాగానే వస్తుంది.

ఒకటి మాత్రం అడగాలి. ఇన్ని కుటుంబాలు ఇంత డబ్బు పెడుతున్నప్పుడు కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డుల మాట ఎందుకు వినబడదు? మార్కులు లేక అనుకుంటారు. అదొక్కటే కాదు. ఆ రెండూ ఏజెంట్ల ద్వారా పిల్లల్ని చేర్చుకోవు, కమీషను ఉండదు. కమీషను లేని పేరు కన్సల్టెన్సీ చెప్పదు. అందుకే బస్టాండు పక్క ఫ్లెక్సీ మీద ఆ గోపురాల బొమ్మ ఉంటుంది గాని, లోపల బల్ల మీద దరఖాస్తు ఉండదు.

దారులు లేకపోలేదు. 2000లో మొదలైన గేట్స్ కేంబ్రిడ్జి స్కాలర్‌షిప్పు ఫీజూ బతుకు ఖర్చూ మొత్తం ఇస్తుంది. ఆక్స్‌ఫర్డుకు పోయే రోడ్స్ స్కాలర్‌షిప్పు 1947 నుంచి భారతీయులకు ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తోంది. కేంబ్రిడ్జి ఏడాది ఖర్చులో అది సగానికి కూడా చాలదు, కాబట్టి రెండో చోట కూడా అడగాలి. కేంబ్రిడ్జి పీజీ కోర్సులకు స్కాలర్‌షిప్పుతో కలిపి అడిగే గడువు కోర్సును బట్టి డిసెంబరు మొదట్లోనో జనవరి మొదట్లోనో ముగుస్తుంది. మన పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టు మొదలుపెట్టేది, కన్సల్టెన్సీ మెట్లు ఎక్కేది ఆ తర్వాతే.