బకెట్లతో నేర్చిన పరుగు

హాస్టల్‌లో చేరిన కొత్తలో పరుగుపందెం అంటే ఏమిటో మాకు తెలియదు. తెలిసిందల్లా తెల్లవారుజామున వినిపించే నీళ్ల ట్యాంకర్ హారన్. హాస్టల్ బోరు ఎండిపోయిన ఏడు, హారన్ వినగానే బకెట్లు పట్టుకొని నలుగురం గేటు దాకా ఉరికేవాళ్లం. ముందు చేరినవాడికి రెండు బకెట్లు, వెనకబడినవాడికి అడుగున మిగిలిన బురదనీళ్లు. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లు దాటడమే కష్టమైన అనంతపురంలో పుట్టినవాళ్లం కదా, మా పరుగు నీళ్ల కోసమే మొదలైంది.

నలుగురిలో ఎప్పుడూ ముందు చేరేవాడు ఒక్కడే. అది చూసి డ్రిల్లు సారు సాయంత్రాలు మమ్మల్ని ఎండిన చెరువులో పరుగెత్తించారు. నలుగురికీ కలిపి ఒకటే బూట్ల జత. అది వాడికే ఇచ్చేవాళ్లం. జిల్లా పోటీలకు వెళ్లేది వాడే కదా అని మా నమ్మకం.

2018లో వానలు రాలేదు. వాళ్ల శెనక్కాయ చేను ఎండిపోయింది. అప్పుడు మేము పదో తరగతి. నవంబరులో వాళ్ల నాయన వచ్చి, బెంగళూరులో కట్టడం పనికని వాణ్ణి తీసుకెళ్లాడు. ట్రంకు పెట్టె బస్సు మీదికి ఎక్కించింది మేమే. పరీక్షలైనా రాసి పోరా అని ఒక్కరం కూడా అనలేదు. నిజం చెప్పాలంటే, ఇక ట్యాంకర్ దగ్గర ముందు మనమే కదా అనుకున్నాం. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తరువాత మేము ముగ్గురం డిగ్రీ పూర్తిచేసి పీజీలో చేరాం. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పరుగు మాత్రం మానలేదు. పేపర్లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ వార్త వస్తే కత్తిరించి దాచుకునేవాళ్లం. 2022 మే నెలలో ఆమె సైప్రస్‌లోని లిమసోల్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.23 సెకన్లలో పూర్తిచేసి, 2002 నాటి జాతీయ రికార్డును దాటింది. అదే నెలలో ఇంగ్లండులో ఒకసారి, నెదర్లాండ్స్‌లో ఒకసారి తన రికార్డును తానే మళ్లీ తిరగరాసింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం, 2024లో పారిస్ ఒలింపిక్స్. ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డు. ఆ మాట చదివినప్పుడల్లా మావాడే గుర్తొచ్చేవాడు. అప్పటికి వాడు కట్టడం పని మాని ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేరాడు.

2025 ఏప్రిల్ 27న బెంగళూరులో 10 కిలోమీటర్ల పరుగు. చీనీ కాయలు కోసిన కూలి డబ్బుతో మేము నాలుగు పేర్లు కట్టాం. నాలుగోది వాడిది. రైల్లో జనరల్ బోగీలో పోయి, ఆ రాత్రి వాడి గదిలోనే పడుకున్నాం. వాడు డ్యూటీలో ఉన్నాడు. తెల్లవారినా వాడిని విడిపించాల్సిన మనిషి రాలేదు. “మీరు పోండిరా, నేను వెనకాలే వస్తా” అన్నాడు.

పరేడ్ గ్రౌండ్ దగ్గర వేలమంది జనం. మన ఊరికంటే ఐదొందల మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న నగరం అది. గాలి చల్లగా ఉన్నా, ఎగుడు వచ్చేసరికి ఆయాసపడ్డాం. అదే ఉదయం అక్కడే ఉగాండాకు చెందిన ఒలింపిక్ విజేత జాషువా చెప్టెగై ఆ దూరాన్ని 28 నిమిషాల లోపే పరుగెత్తి గెలిచాడు. మాకు పట్టింది 46, 49, 52 నిమిషాలు.

పరుగు అయ్యాక వాడు వచ్చాడు. ఒంటిమీద ఇంకా యూనిఫారమే. మా టైములు అడిగి కాసేపు లెక్క వేసుకున్నాడు. “నేనైతే నలభైలో వచ్చేవాణ్ణిరా” అన్నాడు. మేము ఒప్పుకున్నాం. వాడి నంబరు కాగితం వాడి చేతిలో పెట్టాం. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి స్టేషన్‌లో, ఏడేళ్ల కింద అడగాల్సిన మాట అడిగాం. “పది పరీక్షలు రాస్తావా?” చాలాసేపు మాట్లాడలేదు. చివరికి “ఫీజు ఎంత?” అన్నాడు. ఓపెన్ స్కూల్లో చేర్పించాం. లెక్కలు ఫోన్‌లో మేమే చెబుతున్నాం.

తమ్ముళ్లారా, మీ గదిలో ఎవరైనా ట్రంకు పెట్టె సర్దుకుంటూ ఉంటే, దాన్ని బస్సు ఎక్కించే ముందు వార్డెన్ సారుకు చెప్పండి, మాకు ఫోన్ చేయండి. ఒక్క మాటైనా అడగండి. మేము అడగలేదు.