మా కొప్పు కోళ్ళు

సంచికకు ఏదైనా వ్రాసి పంపమని సంపాదకులు గారు అడిగినప్పుడల్లా యేదో సాకు చెప్పి తప్పించుకుంటూ వచ్చాము. మేము కవులమూ కాము, పండితులమూ కాము. మాలో ఒకరికి ఆసుపత్రి ఉద్యోగం, ఇంకొకరికి ఇంజనీరింగు. మొన్న ఉగాదికి కలిసినప్పుడు ఆయనే దారి చూపించారు. "మీ ఇంటికి వచ్చినవాళ్ళందరూ కాఫీ తాగకుండానే పెరట్లోకి వెళ్ళి కోళ్ళను చూస్తారు కదా, వాటి గురించి వ్రాయండి" అన్నారు. కోళ్ళ గురించి అయితే వ్రాయగలము. అయితే వాటి గురించి నిజంగా వ్రాయాలంటే మేము చేసిన ఒక తప్పు కూడా వ్రాయాలి. ఇద్దరమూ ఆలోచించుకొని, సరే వ్రాద్దామనుకున్నాము.

చూడనివారి కోసం ముందు కోడిని వర్ణిస్తాము. దీని పేరు హూడాన్. పారిస్‌కు పడమరగా హూడాన్ అనే వూరు వుంది, అక్కడి జాతి. నల్లని ఒళ్ళు, దాని మీద ఈకల కొసలకు తెల్లని చుక్కలు. యేటేటా ఈకలు రాలి కొత్తవి వచ్చినప్పుడల్లా తెలుపు పెరుగుతుంది, మనకు నెరిసినట్లే. గడ్డం వుంటుంది. కాలికి అయిదు వేళ్ళు వుంటాయి. మామూలు కోడికి నాలుగే. అన్నిటికన్నా ముందు కనిపించేది నెత్తిమీది ఈకల కుచ్చు. ఇంగ్లీషువాళ్ళు దానిని క్రెస్ట్ అంటారు. మా ఇంట్లో దానికి కొప్పు అని పేరు. అమెరికాకు యీ జాతి 1865 ప్రాంతంలో వచ్చింది. ఇక్కడి కోళ్ళ ప్రదర్శనల వారి ప్రామాణిక గ్రంథంలో 1874లోనే చోటు సంపాదించుకుంది. తరువాత ఫారాలు వచ్చాయి, రోజూ గుడ్డు పెట్టే జాతులు వచ్చాయి, కొప్పు కోళ్ళను పట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడు ఇవి అరుదు.

మేము కొలంబస్ నగరానికి బయట ఎకరంన్నర స్థలంలో ఇల్లు కొనుక్కున్నది 2011లో. రోడ్డుకు అవతల ఒక పెద్దాయన వుండేవారు. ఆయన నలభై యేళ్ళకు పైగా హూడాన్‌లను పెంచారు. మా అమ్మాయి ఆయనను తాతయ్యా అని పిలిచేది. ఆ పిలుపుకు అర్థం ఆయనకు చెప్పాము, సంతోషించారు. 2015 వేసవిలో పక్షుల జ్వరం భయంతో ఒహాయోలో సంతలన్నిటిలోనూ కోళ్ళ ప్రదర్శనలు నిలిపివేశారు. ఆయనకు అప్పటికి 81 యేళ్ళు. "వచ్చే యేడు అనుకునే వయసు కాదు నాది" అని, ఆ శీతాకాలం రాకముందే మూడు పుంజులను, ఆరు పెట్టలను మా పెరట్లో దించారు. ఒక్కటే షరతు పెట్టారు: ముద్దు కోసం పెంచితే పెంచుకోండి గాని, జాలి కోసం మాత్రం జత కట్టించవద్దు. ఆ మాట మాకు అప్పుడు అర్థం కాలేదు.

మరుసటి సంవత్సరం వసంతంలో మా అమ్మగారు (మాలో ఒకరికి అత్తగారు) తణుకు దగ్గరి పల్లె నుండి ఆరు నెలలకు వచ్చారు. ఆవిడ చిన్నప్పటినుండి గంప కింద కోళ్ళను మూసిన మనిషి. మా పుంజును యెగాదిగా చూసి, "ఇది డేగా కాదు, కాకీ కాదు, నెమలీ కాదు. దీని మొహమేదిరా?" అన్నారు. కొప్పు కళ్ళ మీదికి పడి నిజంగానే మొహం కనిపించదు. దానికీ లోకం సరిగ్గా కనిపించదు. వెనకనుండి వెళితే అదిరిపడుతుంది. పైన గద్ద తిరుగుతున్నా చూసుకోలేదు. అందుకని మా కోళ్ళను యెప్పుడూ వల కప్పు కిందనే వుంచుతాము. కళ్ళ చుట్టూ ఈకలు కత్తిరిస్తాము. చలికాలంలో గడ్డం నీళ్ళలో తడిస్తే మంచు కడుతుంది కాబట్టి పొడిస్తే చుక్కచుక్కగా నీళ్ళు వచ్చే గొట్టాలు అమర్చాము. ఇదంతా చూసి ఆవిడ "కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే అంటారు గాని, కొప్పున్నమ్మకు ఇన్ని సేవలా!" అన్నారు.

ఆవిడకు బాగా నచ్చినది మాత్రం గోత్రాల సంగతి. కోళ్ళు కొద్దిగానే వున్నప్పుడు దగ్గరి రక్తం కలుస్తూ పోతే తరాలు గడిచేకొద్దీ గుడ్లు సరిగ్గా పొదగవు, పిల్లలు బలహీనపడతాయి. పెద్దాయన పద్ధతి ప్రకారం కోళ్ళను మూడు కుటుంబాలుగా విడదీశాము: ఎరుపు, పసుపు, నీలం. ఆ రంగు ప్లాస్టిక్ కడియం కాలికి వేస్తాము. పిల్లకు తల్లి రంగే వస్తుంది. ఎరుపు పుంజు పసుపు పెట్టల దగ్గరకు, పసుపు పుంజు నీలం పెట్టల దగ్గరకు, నీలం పుంజు ఎరుపు పెట్టల దగ్గరకు వెళ్ళాలి. యే పుంజూ తన రంగు పెట్టలతో కలవకూడదు. ఇది విని అమ్మగారు పడీపడీ నవ్వారు. "మనకు తండ్రి గోత్రం, మీ కోళ్ళకు తల్లి గోత్రమా! మన వూళ్ళో మేనరికాలు మానమంటే మానరు గాని, అమెరికా కోళ్ళు సగోత్రం పనికిరాదంటున్నాయర్రా!"

హూడాన్ పెట్టలు పొదుగుకు కూర్చోవడం అరుదు. అందుకని 2016 మార్చిలో ఇంక్యుబేటరులో 42 గుడ్లు పెట్టాము. వేడి 37.5 సెంటీగ్రేడు. రోజుకు అయిదుసార్లు గుడ్లు తిప్పాలి, 18వ రోజున తిప్పడం ఆపి తేమ పెంచాలి. అమ్మగారికి ఆ పెట్టె మీద నమ్మకం లేదు. ఉరుము ఉరిమితే గుడ్లు చెడతాయని దాని పక్కన ఒక ఇనుప మేకు పెట్టారు. 21వ రోజున 27 పిల్లలు బయటపడ్డాయి. మా అమ్మాయికి అప్పుడు 9 యేళ్ళు. ఇరవై ఏడింటికీ పేర్లు పెట్టింది. పిల్ల నెత్తిన చిన్న బొడిపె వుంటే అది కొప్పు గల పిల్ల అని పెద్దాయన దానికి నేర్పించారు.

ఇక అసలు సంగతి. 27 పిల్లలలో 14 పుంజులు తేలాయి. మూడు కుటుంబాలకు మూడు పుంజులు కావాలి, ముందు జాగ్రత్తకు ఇంకొకటి. మిగిలినవి పది. పుంజులన్నిటినీ వుంచుకుంటే ఒకదానినొకటి పొడుచుకుంటాయి, పెట్టల వీపులు చీరేస్తాయి. ప్రకటన వేసినా పుంజును యెవరూ తీసుకోరు. పెట్ట అయితే ముందే అడుగుతారు. అమ్మగారికి ఇందులో సమస్యే కనిపించలేదు. "కోడి పుట్టిందే అందుకు" అన్నారు. ఒక శనివారం అమ్మాయి స్నేహితురాలి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పదింటినీ కోసే అతని దగ్గరకు తీసుకువెళ్ళాము. అమ్మాయికి మాత్రం పెద్ద పొలం వున్నవాళ్ళకు ఇచ్చామని చెప్పాము. ఆ మరుసటి ఆదివారం అమ్మగారు గారెలు వేసి కోడికూర వండారు. అమ్మాయి మళ్ళీ అడిగి వడ్డించుకుంది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ తరువాత రెండు సంవత్సరాలూ ఇదే పద్ధతి. కోళ్ళ లెక్కకు ఒక నోటుబుక్కు వుంది. దానిని తెలుగులో వ్రాసేవాళ్ళము. మన భాష మీద మమకారం అని మీరనుకోవచ్చు. కొంత అదీ నిజమే. అమ్మాయికి తెలుగు చదవడం రాదన్నది రెండవ కారణం.

2017లో మన సంఘం ఆదివారం బడిలో దానిని చేర్చిందీ మేమే. గుణింతాలు రావడం లేదని పోరినదీ మేమే. 2019 జనవరిలో ఒకరోజు అది వంటింటి బల్ల దగ్గర ఆ పుస్తకం ముందు వేసుకొని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ, "పుంజులు 14. వుంచినవి 4. కోతకు 10" అని పైకి చదివింది. చదివి, "కోత అంటే హార్వెస్టా?" అని అడిగింది. బడిలో వరికోత అని నేర్చుకున్నదట. మాలో ఒకరు అవునన్నాము, ఒకరు కాదన్నాము. అంతే, దానికి అర్థమయిపోయింది. తారీఖు చూసింది. మామ్మ గారెలు వేసిన ఆదివారం దానికి గుర్తుంది.

యేడవలేదు. "చంపారని కాదు. నా చేత తినిపించి, పొలంలో వున్నాయని చెప్పారు. నేను వాటికి క్రిస్మస్ కార్డు కూడా వ్రాశాను" అన్నది. ఆ కార్డు మేమే తీసుకొని, పోస్టు చేశామని చెప్పాము. అది ఇప్పటికీ మా దగ్గరే వుంది. తరువాత రెండు నెలలు అది కోళ్ళ గూటివైపు వెళ్ళలేదు. మాతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. మేము సర్దిచెప్పబోయిన ప్రతిసారీ అది ఇంకా దూరం జరిగింది.

చివరికి అది రోడ్డు దాటి పెద్దాయనను అడిగింది. ఆయనకు అప్పటికే ఆరోగ్యం బాగాలేదు. మేము చెప్పలేనిది ఆయన పది నిమిషాలలో చెప్పారట. ఒక కోడిని ఒళ్ళో పెట్టుకొని, కొప్పు కింద దాని పుర్రెను దాని వేలితో తడిమించారు. కొప్పు జాతులలో కొన్నిటికి ఆ చోట ఎముక బుడగలా పైకి లేచి, సన్నని రంధ్రాలతో వుంటుంది. డార్విన్ కూడా 1868లో అచ్చయిన తన గ్రంథంలో కొప్పు కోళ్ళ పుర్రెల గురించి వ్రాశాడు. కొప్పు యెంత పెద్దదైతే ఆ బొడిపె అంత పెద్దదయ్యే గుణం వుంది. అక్కడ ఇంకో కోడి గట్టిగా పొడిస్తే యీ కోడి మెడ తిరిగిపోయి పడిపోతుంది, ఒక్కోసారి చస్తుంది. "బహుమతి కోసం పెద్ద కొప్పును ఎంచుకుంటే దెబ్బ తినేది పిల్ల. అందంగా వుందని, ముద్దుగా వుందని దానిని జత కట్టిస్తే ఆ దెబ్బ తరతరాలకూ వెళుతుంది. ఎవరిని వుంచాలో ఎవరిని వద్దో చెప్పలేనివాడు యీ జాతిని పెంచకూడదు" అన్నారట. జాలి గురించి ఆయన మాకు పెట్టిన షరతు అప్పుడు గాని మాకు అర్థం కాలేదు.

ఆ మార్చిలో అమ్మాయి తనంతట తాను గూటికి వచ్చింది. మాకు తనూ ఒక షరతు పెట్టింది. ఇక నుంచి యే కోడిని వుంచుతామో, యేది వద్దో నాలుగు నెలల వయసులో ముగ్గురమూ కూర్చుని నిర్ణయించాలి. నిర్ణయం ఆ రోజే పుస్తకంలో వ్రాయాలి. పుస్తకం తనే వ్రాస్తుంది. కూర తినాలా వద్దా అన్నది తన ఇష్టం. ఒప్పుకున్నాము. తరువాత అది కోడికూర తినడం మానేసింది. మేము మానలేదు. ఆ విషయంలో ఎవరినీ ఎవరమూ యేమీ అనుకోము.

ఆ సంవత్సరం నవంబరులో పెద్దాయన పోయారు. ఆయన పిల్లలు ఇల్లు అమ్మేశారు. ఆయన కోళ్ళలో మిగిలినవి మా దగ్గరవే.

కష్టాలు అక్కడితో ఆగలేదు. 2021 అక్టోబరులో ఒక రాత్రి రకూన్ వల చించుకొని లోపలికి వచ్చింది. పసుపు కుటుంబంలో ఒక్క పెట్ట మిగిలింది. కోళ్ళ వల అని అమ్మేది కోడి బయటికి పోకుండా ఆపుతుందే గాని, దొంగను లోపలికి రాకుండా ఆపదు. అరంగుళం కన్నాల గట్టి ఇనుప వల వేయాలి. అడుగున కూడా పరచాలి. మాకు యీ పాఠం ఖరీదుగా వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో పక్కనున్న ఇండియానాలో టర్కీ కోళ్ళకు పక్షుల జ్వరం వచ్చింది, ఆ తరువాత అది దేశమంతా కనిపించింది. బయటి కోడిని తేవడం ప్రమాదం. రేకుల కప్పు కింద మూసి వుంచి, గూటికి వేరే బూట్లు పెట్టుకొని యేడాది గడిపాము. రెండు గోత్రాలతో సంసారం యెన్నాళ్ళు నడుస్తుంది?

దారి పెద్దాయన పాత ఉత్తరాలలో దొరికింది. ఆయన పోతూ మాకిచ్చిన అట్టపెట్టెలో విస్కాన్సిన్‌లోని ఒకావిడ వ్రాసిన కార్డులున్నాయి. చాలా యేళ్ళ క్రితం ఆయన దగ్గర గుడ్లు తీసుకున్నదట. ఫోను చేసింది మా అమ్మాయే. 2023 ఏప్రిల్‌లో ఆవిడ 24 గుడ్లు పోస్టులో పంపింది. పోస్టులో కుదుపులకు గుడ్డులోని గాలి గది చెదురుతుంది. ఒకరోజు కదపకుండా వుంచి, తరువాత మిషనులో పెట్టాము. అయిదే పొదిగాయి. అందులో రెండు పుంజులు. ఆ రాత్రి మేము ఇండియాకు ఫోను చేస్తే అమ్మగారు, "మేకు పెట్టారా?" అని అడిగారు. పెట్టాము మరి.

2025 జులైలో ముగ్గురమూ చివరిసారి ఆ బల్ల దగ్గర కూర్చున్నాము. ఆగస్టులో అమ్మాయి కాలేజీకి వెళ్ళాలి. ఆ యేడు పుంజులలో ఒకటి బ్రహ్మాండంగా వచ్చింది. బంతిపువ్వంత నిండు కొప్పు. దానిని పుట్టినప్పటినుండి ఒళ్ళో పెట్టుకొని పెంచింది అమ్మాయే. కొలంబస్‌లో జరిగే పెద్ద ప్రదర్శనకు తీసుకువెళ్ళవచ్చని మాకు ఆశ. అది కొప్పు కింద వేలు పెట్టి చూసింది. మమ్మల్నీ చూడమన్నది. గోలీకాయంత బొడిపె, మధ్యలో మెత్తగా తగిలింది. "ఇంకో గూట్లో వేసి ముద్దుకు వుంచుకుందాం" అన్నాము మేము. నిజం చెబుతున్నాము, జాలిపడింది మేమే. అది కాసేపు ఆలోచించి, "ఒంటరిగా వుంచితే రోజంతా అరుస్తుంది. మీరు ఇద్దరే వుంటారు, ఎవరు చూస్తారు?" అన్నది. పుస్తకం తీసి తన గుండ్రని అక్షరాలతో వ్రాసింది: పుంజులు 11. వుంచినవి 4. కోతకు 7. ఏడింటి పేర్లూ వ్రాసింది. చిన్న కొప్పు వున్న, యే ప్రదర్శనలోనూ గెలవని పుంజుకు పసుపు కడియం వేసింది. శనివారం మాతో తనూ కారు ఎక్కింది.

ఇప్పుడు పుస్తకం మేమే వ్రాస్తున్నాము, తెలుగులోనే. ఆదివారం ఫోనులో దానికి చదివి వినిపించాలి. ఒక్క అంకె తప్పినా పట్టుకుంటుంది.

మీలో యెవరికైనా పెరడు వుండి, పెంచాలని సరదా వుంటే వచ్చే ఏప్రిల్‌లో గుడ్లు ఇస్తాము. డబ్బు అక్కరలేదు. ముందు మీ వూరి నిబంధనలు కనుక్కోండి, కొన్నిచోట్ల పుంజును వుంచుకోనివ్వరు. పొదిగిన పిల్లలలో సగం పుంజులే అవుతాయి. వాటిని యేమి చేస్తారో గుడ్లు తీసుకోకముందే మీ పిల్లలతో కూర్చుని మాట్లాడుకోండి. ఆ తరువాత మాకు ఫోను చేయండి.